పగడపు తొట్టిలోని పాచి

అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున కాపురముండు ఒక సోదరి గడచిన మాసమున మాకొక లేఖ వ్రాసినారు. వారి యింట సముద్రపు నీటితో నింపిన గాజు తొట్టి యొకటి కలదట. అందు రెండు చిన్న చేపలును, నాలుగైదు పగడములును ఉన్నవట. తొట్టి పెట్టి ఐదు నెలలైనది. మొదటి రెండు నెలలు కన్నులపండువుగా నుండిన ఆ తొట్టి యిప్పుడు వెండ్రుకల వంటి పచ్చని పాచితో నిండిపోయినదట. "వారమున కొకసారి రాళ్లన్నిటిని పైకి తీసి కుళాయి క్రింద తోముచున్నాను. నాలుగు దినములలో మఱల వచ్చుచున్నది. ఇంటివారు దీనిని తీసి పాఱవేయు మనుచున్నారు. మా పదేండ్ల పిల్ల మాత్రము ఆ చేపలకు పేర్లు పెట్టి వానితో మాటలాడుకొనుచున్నది. ఏదైన మందు వేయవలెనా, తొట్టినే తీసివేయవలెనా?" అని వారి ప్రశ్న.

ఇట్టి తొట్లు పెట్టినవారు మన పాఠకురాండ్రలో కొలదిమందియే యుందురు. అయినను తొట్టిని ముచ్చటపడి తెచ్చువారు ఒకరు, దినదినము దానిని కనిపెట్టి యుండువారు ఒకరు. ఈ రెండవ పని యే దేశమందైనను తఱచు ఇల్లాలి పాలనే పడుచున్నది. కావున ఈ నెల మన శీర్షికలో ఈ సంగతినే విచారింతము.

మాకును ఈ విషయమున కొంత అనుభవము కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట అమెరికాలో మా కుమారుని యింట ఆఱు మాసములుంటిమి. కుమారుడును కోడలును ఉద్యోగములకు పోవుటచే పగటిపూట తొట్టి భారము మాపై బడెను. మేము కనబడగానే చేపలు అద్దము కడకు వచ్చి నోళ్లు తెఱచెడివి. ఆకలి యని తలచి చిటికెడు మేత వేసెడివారము. మఱల వచ్చిన మఱల వేసెడివారము. కొసరి కొసరి వడ్డించుట కలవాటుపడిన చేతికి, చేప యడిగినను లేదనుట తెలియదు గదా! రెండు నెలలకు రాళ్లన్నియు పచ్చబడెను. అది మా చేతి వడ్డన ఫలమని మాకు తోచలేదు. ఫాస్ఫేటును పీల్చు ఇనుప గుళికల నొక దుకాణమునుండి తెప్పించి, తక్కువైనచో పని చేయదేమో యని చెప్పిన కొలతకు రెండింతలు వేసితిమి. పాచి కొంత తగ్గిన మాట నిజమే. కాని పది దినములు తిరుగకమునుపే మా కోడలు మూడేండ్లు పెంచుకొన్న కొమ్మ పగడము మొదటినుండి తెల్లబడి, మీది చర్మమంతయు ఊడి, ఎముక వలె మిగిలెను. ఆ పిల్ల మమ్ము ఒక్క మాట యనలేదు. ఆ కొమ్మను కడిగి వంటయింటి కిటికీలో పెట్టుకొన్నది. అనుట కంటె అదియే మాకు ఎక్కువ కష్టముగా నుండెను. ఈ లేఖ వ్రాసిన సోదరికి అట్టి కష్టము రాకుండవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట తెలిసికొనవలసిన దేమనగా, పాచి తొట్టికి వచ్చిన రోగము కాదు. వెలుతురును, నీటిలో కరగిన ఎరువును ఉన్నచోట అది పుట్టక మానదు. ఈ యెరువు ఎక్కడిదన, మనము వేసిన మేతయే. చేప తినగా మిగిలినదియు, తిని విసర్జించినదియు నీటిలో కుళ్లి అమ్మోనియా యగును. కంటికి కనబడని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, ఆ పిదప నైట్రేటుగను మార్చును. మేతలోని భాస్వరము ఫాస్ఫేటుగా మిగులును. పొలములో వరికి ఏ యెరువులు బలమో, తొట్టిలో పాచికి అవియే బలము. నూతి గట్టున నీరు నిలిచినచోట పాచి పట్టుట చూచి మనము పాచిని తిట్టము, నీరు పోవుటకు దారి చేయుదుము. ఇక్కడను అదియే నీతి.

మఱియొక వింత కలదు. పగడము రాయి కాదు, చెట్టును కాదు, అదియొక జంతువు. దాని చర్మములోపల అతి సూక్ష్మమైన శైవలములు, అనగా పాచి జాతికి చెందిన జీవులే, కాపురముండి, వెలుతురుతో ఆహారము తయారుచేసి పగడమునకు పెట్టుచున్నవి. అవి లేనిదే పగడము తెల్లబడి, తుదకు ఆకలిచే చచ్చును. వానికిని కొలదిగా నైట్రేటు, ఫాస్ఫేటులు కావలెను. నీటిలోని యెరువు నంతను ఒక్కసారిగా లాగివేసినచో వెలుపలి పాచితోపాటు లోపలి శైవలములును మాడిపోవును. మేము చేసిన తప్పు ఇదియే.

తొట్టిలో కనబడున దంతయు ఒకే పాచి కాదు. మొదటి వారములలో ఇసుక మీదను అద్దము మీదను పట్టు గోధుమ వన్నె పొడి వంటిది డయాటములు. అది నీటిలోని సిలికాను తిని పెరిగి, అది తీఱగానే చాలవఱకు తానే పోవును. పిదప వచ్చునది పచ్చని వెండ్రుకల పాచి. కొత్త తొట్టికి మొదటి నెలలలో ఇట్టి వికారపు దశ రానే వచ్చునని అనుభవజ్ఞు లెఱుగుదురు. ముదురు ఎఱుపు రంగున జిగురుగా పొర కట్టి, తుడిచిన చాప వలె లేచి వచ్చునది నిజముగా పాచి కాదు, సయనోబాక్టీరియా అను సూక్ష్మజీవుల గుంపు. నీరు కదలని మూలలందు అది హెచ్చు. ఇక రాళ్లమీద గులాబి వన్నెతో సున్నపు పెచ్చు వలె పట్టునది మేలైన శైవలము. దానిని పొరపాటున గీకివేయరాదు.

ఇప్పుడు చేయవలసిన పనులు క్రమముగా చెప్పెదము.

మొదటిది, మేత. చిన్న చేపలు రెంటికి దినమున కొకసారి, రెండు నిమిషములలో తినివేయునంత చాలును. మంచుగడ్డగా అమ్ము రొయ్య మేతను కరగించి, వడగట్టి, ఆ రసమును పాఱబోసి, మేత మాత్రమే వేయవలెను. చేప అద్దము కడకు వచ్చుట ఆకలికి గుర్తు కాదు, అలవాటునకు గుర్తు.

రెండవది, నీరు. కుళాయి నీటిలో నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికాలు ఉండవచ్చును. త్రాగుటకై యింట పెట్టుకొను ఆర్.ఓ. యంత్రపు నీరును దీనికి చాలదు; అందు లవణములు కొంత మిగులును. ఆ నీటిని మఱల డీఅయొనైజింగు రెసిను గుండ పోనిచ్చి, టీ.డీ.ఎస్. కొలతలో సున్న వచ్చిన పిదపనే ఉప్పు కలుపవలెను. సముద్రపు నీటిలో వేయింటికి సుమారు 35 వంతులు లవణము. తొట్టిలోను అంతయే యుండవలెను. వారమున కొకసారి పదవవంతు నీరు తీసి కొత్త ఉప్పునీరు పోయవలెను. ఆవిరియై తగ్గిన నీటికి బదులు మాత్రము ఉప్పు లేని శుద్ధజలమే పోయవలెను. నీరే ఆవిరి యగును గాని ఉప్పు కాదు గదా.

మూడవది, వెలుతురు. దీపము దినమునకు ఎనిమిది మొదలు పది గంటలు చాలును. చేతితో వేసి యార్పక గడియారపు మీట నమర్చుట మేలు. కిటికీ యెండ తొట్టిపై పడకుండ తెఱ వేయవలెను.

నాలుగవది, చేతిపని. ఆ సోదరి రాళ్లన్నిటిని ఒక్కసారి తీసి కుళాయి క్రింద తోముచున్నారు. దానివలన రాళ్లలో కాపురమున్న మేలైన సూక్ష్మజీవులును చచ్చును. మురికిని విఱిచి శుద్ధిచేయువా రుండక తొట్టి మఱింత చెడును. తొట్టిలోనుండి తీసిన పాత ఉప్పునీటినే బాల్చీలో పోసికొని, వారమునకు ఒకటి రెండు రాళ్లు మాత్రము అందు పెట్టి, చేతితో పాచిని పెఱికి, సబ్బు తగులని మెత్తని కుంచెతో రుద్ది తిరిగి పెట్టవలెను. పెఱికిన పాచితో అది తినిన యెరువు కూడ బయటికి పోవును. మందు వేసి చంపినచో అది తొట్టిలోనే కుళ్లి, ఆ యెరువు నంతను నీటికి తిరిగి యిచ్చివేయును.

ఐదవది, పాచిని తినువారు. ట్రోకసు, టర్బో అను నత్తలు ఈ పనిలో నేర్పరులు. ట్రోకసు నత్త వెల్లకిల బడినను తానే లేవగలదు కావున చిన్న తొట్టికి అనుకూలము. ఒక్కసారిగా పదులకొలది తెచ్చినచో పాచి తీఱిన పిమ్మట అవి ఆకలితో చచ్చి నీటిని మఱల పాడుచేయును. టాంగు అను పచ్చని పసుపు వన్నె చేప పాచిని బాగుగ తినునని దుకాణమువారు చెప్పుదురు. నిజమే, కాని అది దూరము లీదు జాతి. చిన్న తొట్టిలో దానిని బంధించుట మంచిది కాదు.

చోటు కలవారు ఇంకొక యుపాయము చేయవచ్చును. ప్రక్కన చిన్న తొట్టి పెట్టి, అందు కేటోమార్ఫా అను నాచును దీపము క్రింద పెంచి, నెలనెల కొంత కోసి పాఱవేయుచుండిన, పెద్ద తొట్టిలోని యెరువు అచ్చటనే ఖర్చగును. స్మిత్సోనియను సంస్థకు చెందిన వాల్టర్ ఏడీ అను శాస్త్రజ్ఞుడు 1980 దశకపు ఆరంభమున ఇట్లే తెరలమీద పాచిని పెంచి గీకివేయుచు పగడపు తొట్ల నీటిని శుద్ధిచేయు పద్ధతిని రూపొందించెను. పాచి ఎక్కడ పెరుగవలెనో మనమే చోటు చూపుట ఇందలి యుపాయము.

నీటిని పరీక్షించు సీసాల పెట్టె తప్పక తెచ్చుకొనవలెను. నైట్రేటు లీటరునకు 5 మొదలు 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేటు 0.03 మొదలు 0.1 మిల్లీగ్రాము ఉండిన చాలును. పాచి దట్టముగ నుండియు పరీక్షలో సున్న వచ్చినచో సంతోషింపరాదు. ఉన్న యెరువును పాచియే తినివేసినదని గ్రహింపవలెను. నిజముగ సున్న చేయ యత్నించుటయు ప్రమాదమే. అట్టి నీటిలో డైనోఫ్లాజెల్లేటులు అను బుడగలతో గూడిన గోధుమ జిగురు చెలరేగుట కలదు. వానిలో కొన్ని జాతులు నత్తలకు విషము. తగ్గింపవలసిన దానిని మెల్లమెల్లగ, వారముల మీద తగ్గింపవలెను.

ఇది చిన్న తొట్టి కథ మాత్రమే కాదు. కరీబియను సముద్రమున నల్లని పొడవు ముండ్ల సముద్రపు ఉర్చినులు పగడపు దిబ్బలపై పాచిని మేయుచుండెడివి. 1983, 1984 సంవత్సరములలో ఏదో వ్యాధి సోకి వానిలో నూటికి తొంబదికి పైగా నశించెను. జమైకా తీరమున పాచి మేయు చేపలను మనుష్యులు అంతకుముందే పట్టి తినివేసియుండిరి. 1980లో వచ్చిన పెనుగాలివాన పగడములను విఱుగగొట్టి యుండెను. 1970 దశకపు చివర సగమునకు పైగా పగడములతో నిండియుండిన అచ్చటి దిబ్బలలో 1990 దశకపు ఆరంభమునకు నూటికి ఐదు వంతులైన మిగులలేదు. ఆ చోటు నెల్ల నాచు ఆక్రమించెను. మేయువారు పోయిన యింట ఏమగునో సముద్రమే మనకు చూపినది.

చివరగా రెండు హెచ్చరికలు. పాచి పట్టిన రాళ్లను మరుగునీటిలో వేసి శుభ్రపఱుపవచ్చునని మన వంటయింటి బుద్ధికి తోచును. ఎన్నడును అట్లు చేయరాదు. రాళ్లకు అంటియుండు పాలితోవా అను కొన్ని బొత్తాము పగడములలో పాలిటాక్సిను అను ఘోరవిషము కలదు. అది ఆవిరితో కలిసి యింటిల్లిపాదికి ఊపిరాడకుండ చేయగలదు. 2018లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డుషైరున ఒక కుటుంబమువారు తొట్టిని శుభ్రపఱచుచు ఈ విషమువలన ఆసుపత్రి పాలైరి. రాళ్లను ముట్టునప్పుడు చేతులకు తొడుగులు, కన్నులకు అద్దములు ఉండవలెను. పిల్లలను దగ్గఱకు రానీయరాదు. ఇక మన దేశముననున్న సోదరీమణులకు ఒక మాట: దిబ్బలు కట్టు పగడములు 2001 నుండి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షింపబడుచున్నవి. వానిని సముద్రమునుండి తెచ్చుటయు, కొనుటయు నేరము. ఎవరైన తెచ్చి యిత్తుమన్నను వలదనవలెను.

టెక్సాసు సోదరికి మా సమాధాన మిది: తొట్టిని తీసివేయకుడు, మందు పోయకుడు. మేత చెంచాను మీ పిల్ల చేతికిచ్చి, దినమున కొకసారి యని నియమము పెట్టి, వేసిన తేదీని గోడ క్యాలెండరుపై గుర్తింప జెప్పుడు. రాళ్లను మీరు ఒక్కొక్కటిగ చూచుకొనుడు. మూడు నెలలు ఓపిక పట్టినచో తేట కనబడునని మా నమ్మకము. ఆ పిదప ఏమైనదో తప్పక వ్రాయుడు. మా కోడలు ఆ తెల్లని కొమ్మ నింకను కిటికీలోనే యుంచినది. తొట్టిలో దానిచోట నాటిన చిన్న కొమ్మ ఇప్పుడు జానెడు పెరిగినదని గడచిన వారమే తెలియజేసినది.