దూరం కరెక్టే, టైమే తప్పు

రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే మధ్య దూరం, ప్రయాణ సమయం చెప్పే వెబ్‌సైట్లు బోలెడున్నాయి. మన మినీ ప్రాజెక్టుల్లోనూ ఇలాంటివి కనిపిస్తుంటాయి. అక్షాంశాలు, రేఖాంశాలు హావర్‌సైన్ ఫార్ములాలో వేస్తే దూరం వస్తుంది. దాన్ని గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగించి, టేకాఫ్‌కీ ల్యాండింగ్‌కీ ఇంకో అరగంట కలిపితే సమయం వచ్చేసినట్టే.

దూరం లెక్కతో నాకు పేచీ లేదు. రెండోదే అసలు సమస్య. అది ఒట్టి అంచనా. ఆ మాట చెప్పకుండా నిమిషాలు, సెకన్లతో సహా చూపించడం నా దృష్టిలో అబద్ధమే. చిన్న దీవుల దగ్గర అది వెంటనే దొరికిపోతుంది.

స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి 1967 నుంచి విమానం నడుస్తోంది. దూరం సుమారు 2.7 కి.మీ. మన శంషాబాద్‌లోని పెద్ద రన్‌వే 4.26 కి.మీ. ఉంటుంది, అంతకన్నా తక్కువన్నమాట! పై ఫార్ములా ప్రకారం 30 నిమిషాల 12 సెకన్లు పట్టాలి. షెడ్యూల్‌లో ఉన్నది రెండు నిమిషాలే. రికార్డు 53 సెకన్లు. పైగా ఎనిమిది మంది ఎక్కే ఆ బుల్లి విమానం 800 వేగం ఎప్పటికీ అందుకోలేదు.

టూరిస్టులకు ఇది సరదా. కానీ వంద మంది కూడా లేని ఆ దీవికి టీచర్లు, డాక్టర్లు కూడా ఇందులోనే వస్తారు. ఈరోజు ఎన్ని ట్రిప్పులున్నాయి, గాలి, పొగమంచు ఎగరనిస్తాయా, సీటు ఉందా అన్నదే వాళ్లకి కావాలి. దానికి దూరంలో జవాబు దొరకదు.

పసిఫిక్‌లో ఇంకా గమ్మత్తు. సమోవాలోని ఫాలియోలో నుంచి అమెరికన్ సమోవాలోని పాగో పాగోకి సుమారు 150 కి.మీ. శనివారం ఉదయం పదింటికి బయల్దేరితే, శుక్రవారం ఉదయం పదిన్నర దాటాక దిగుతారు! ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో వ్యాపారం సులువు కావాలని సమోవా 2011లో డేట్ లైన్‌కి ఇటువైపు మారింది. ఆ ఏడాది డిసెంబర్ 30 అక్కడ అసలు రానేలేదు. రెండు చోట్ల లోకల్ టైమ్‌లు తీసుకుని తీసివేసే కోడ్‌కి ఇక్కడ మైనస్ 23 గంటలు వస్తుంది. రెండింటినీ ముందు యూటీసీలోకి మార్చాలి.

"ఏదో ఐడియా కోసం చాలదా?" అంటారా? హైదరాబాద్-ఢిల్లీకైతే చాలు. అసలు ఆ ఫార్ములా పెద్ద ఊళ్లనీ, పెద్ద జెట్‌లనీ దృష్టిలో పెట్టుకుని రాసిందే. మనం "ఎడ్జ్ కేస్" అని పక్కనపెట్టేది పాపా వెస్ట్రే వాళ్లకి ఊరి బస్సు లాంటిది.

కాబట్టి నా మాట ఒక్కటే. దూరాన్ని ఫార్ములాతో కట్టండి, సమయాన్ని టైమ్‌టేబుల్ నుంచి తీసుకోండి. టైమ్‌టేబుల్ దొరక్కపోతే "తెలియదు" అని చూపించండి. తప్పు నంబర్ కన్నా ఖాళీ గడి నయం.