తెరపై తెగని తంటా... ‘ఫార్మాట్‌’ ఒక్కటే మందా?

కంప్యూటరు తెరిచిన మరుక్షణమే తెర మధ్యలో ఒక పెట్టె ప్రత్యక్షమవుతుంది. ఫలానా సాఫ్ట్‌వేర్‌ సిద్ధంగా ఉంది, వెంటనే ఇన్‌స్టాల్‌ చేసుకోవాలంటుంది. మూసివేస్తే కాసేపటికి మళ్లీ వస్తుంది. ‘వద్దు’ అనే మీట కోసం వెతికితే కనిపించదు. దరఖాస్తు గడువు ముగిసే రోజున విద్యార్థి, హాల్‌టికెట్‌ ముద్రించుకోవాల్సిన అభ్యర్థి ఈ పెట్టెలను మూసుకుంటూ కూర్చోవలసి వస్తోంది. విసిగిపోయిన కుటుంబాలు కంప్యూటరును పట్టణంలోని మెకానిక్కు అప్పగిస్తున్నాయి. అక్కడ ఎక్కువగా జరిగే వైద్యం ఒక్కటే, ఫార్మాట్‌. దానితో పిల్లల ఫొటోలు, స్కాన్‌ చేసి ఉంచుకున్న ధ్రువపత్రాలు, దుకాణం పద్దులు తుడిచిపెట్టుకుపోతున్నాయి. ఇంత నష్టపోయాక కూడా నెల తిరగకముందే అదే పెట్టె మళ్లీ తెరపైకి వస్తోందంటే వ్యాధి ఒకచోట, వైద్యం మరోచోట జరుగుతున్నట్లే లెక్క.

‘నెక్స్ట్‌’ నొక్కితే అంగీకరించినట్లే

ఈ పెట్టెలను చాలామంది వైరస్‌గానే భావిస్తారు. వీటిలో అత్యధికం పిలవని పేరంటానికి వచ్చినవి కావు. ఇంటివారో, మెకానిక్కో తెలియక పిలిచినవే. వీడియో ప్లేయరు, పీడీఎఫ్‌ చూసే సాఫ్ట్‌వేర్‌, జిప్‌ ఫైళ్లు విప్పే సాధనం వంటి వాటిని ఉచితంగా దించుకునేటప్పుడు నాలుగైదు సార్లు ‘నెక్స్ట్‌’ నొక్కడం అందరికీ అలవాటు. ఆ తెరల్లో ఒకదానిపై మరో సాఫ్ట్‌వేర్‌ను కూడా చేర్చుకుంటున్నట్లు చిన్న అక్షరాల్లో రాసి, ముందుగానే టిక్కు పెట్టి ఉంచుతారు. ఒక్కో ఇన్‌స్టలేషన్‌కు ఇంత అని కొసరు సాఫ్ట్‌వేర్‌ యజమాని పంపిణీదారునికి చెల్లిస్తాడు. ఉచితమన్న దాని ధర ఈ రూపంలో వసూలవుతుందన్న మాట.

ఈ వ్యాపారం అనామకులది మాత్రమే అనుకుంటే పొరపాటు. జావాను ఇన్‌స్టాల్‌ చేసేవారికి 2015 వరకు ఆస్క్‌ టూల్‌బార్‌ ఇదే పద్ధతిలో అంటగట్టారు. ప్రసిద్ధ డౌన్‌లోడ్‌ డాట్‌ కామ్‌ తమ సాధనాన్ని టూల్‌బార్‌తో కలిపి పంచుతోందని 2011 డిసెంబరులో ఎన్‌మ్యాప్‌ రూపకర్త బహిరంగంగా ఆరోపించారు. సోర్స్‌ఫోర్జ్‌ సైతం 2013లో ఇటువంటి పథకాన్నే ప్రారంభించింది. విమర్శలు చెలరేగాయి. 2016లో యాజమాన్యం మారాక దానిని రద్దు చేసింది. పేరున్న చోట్లే ఇలా జరిగినప్పుడు ఊరూపేరూ లేని సైట్ల సంగతి వేరే చెప్పనక్కర లేదు.

భారతదేశానికి ఈ బెడద కొత్త కాదు. 2017 జూన్‌లో చెక్‌పాయింట్‌ అనే భద్రతా సంస్థ ‘ఫైర్‌బాల్‌’ను వెలుగులోకి తెచ్చింది. బీజింగ్‌కు చెందిన ప్రకటనల సంస్థ ఒకటి దీనిని డీల్‌ వైఫై వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లతో కలిపి పంచిందని, ఇది బ్రౌజరు తొలి పేజీని, శోధన యంత్రాన్ని మార్చివేస్తుందని తెలిపింది. ప్రపంచవ్యాప్తంగా 25 కోట్ల కంప్యూటర్లలో, ఒక్క భారత్‌లోనే 2.53 కోట్ల కంప్యూటర్లలో ఇది చేరిందని ఆ సంస్థ అంచనా. ఈ అంకెలు అతిశయమని మైక్రోసాఫ్ట్‌ ఆనాడే వాదించింది. లెక్కలో తేడా ఉండవచ్చు గాని ఆ జాబితాలో మన దేశం పేరు అగ్రభాగాన ఉండటం గమనార్హం.

పెట్టె ఎక్కడి నుంచి?

తొలగించే ముందు తేల్చుకోవలసింది, ఈ పెట్టెను పంపుతున్నది ఎవరన్నది. తెర కుడివైపు అడుగున బ్రౌజరు పేరు, ఒక సైటు చిరునామాతో వచ్చేది అసలు సాఫ్ట్‌వేరే కాదు. ఎప్పుడో సినిమా చూడబోయి ‘అలౌ’ నొక్కినందువల్ల ఆ సైటుకు లభించిన అనుమతి. బ్రౌజరు సెట్టింగ్స్‌లో సైట్‌ సెట్టింగ్స్‌, ఆపై నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి ఆ పేరును తొలగిస్తే రెండు నిమిషాల్లో పీడ విరగడవుతుంది. ఇంతమాత్రానికి కూడా ఫార్మాట్‌ చేయించుకున్న ఇళ్లు ఉన్నాయి!

బ్రౌజరు తెరవకపోయినా వస్తున్నదైతే అది కంప్యూటరులోనే కాపురమున్నట్లు. పెట్టె తెరపై ఉన్న సమయంలోనే కంట్రోల్‌, షిఫ్ట్‌, ఎస్కేప్‌ మీటలను కలిపి నొక్కితే టాస్క్‌ మేనేజర్‌ తెరుచుకుంటుంది. అందులో అనుమానం కలిగించే పేరుపై మౌసు కుడి మీట నొక్కి ‘ఓపెన్‌ ఫైల్‌ లొకేషన్‌’ను ఎంచుకుంటే అది ఏ ఫోల్డరులో దాగి ఉందో బయటపడుతుంది. ఫోల్డరు పేరును బట్టి అసలు సాఫ్ట్‌వేర్‌ ఏదో చాలావరకు తెలిసిపోతుంది. తరువాత సెట్టింగ్స్‌లోని యాప్స్‌ జాబితాను ఇన్‌స్టాల్‌ చేసిన తేదీల వారీగా అమర్చుకోవాలి. బెడద మొదలైన రోజుల్లో చేరినవి ఒకేచోట కనిపిస్తాయి. వాటిలో సంబంధం లేని వాటిని అన్‌ఇన్‌స్టాల్‌ చేయాలి. టాస్క్‌ మేనేజర్‌లోని స్టార్టప్‌ విభాగంలో, బ్రౌజరు ఎక్స్‌టెన్షన్లలో దాని ఆనవాళ్లను తుడిచివేయాలి. అయినా నిర్ణీత సమయానికే తిరిగి వస్తుంటే టాస్క్‌ షెడ్యూలర్‌లో దాని పేరిట ఒక పని నమోదై ఉండే అవకాశం ఉంది.

పాత ప్రింటరు, ఆఫీస్‌ సాఫ్ట్‌వేర్ల విషయంలో మరో చిక్కు ఎదురవుతుంది. ‘ప్రిపేరింగ్‌ టు ఇన్‌స్టాల్‌’ అంటూ విండోస్‌ ఇన్‌స్టాలరే పదే పదే పలకరిస్తుంది. ఇది మోసం కాదు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏదో భాగం చెరిగిపోతే విండోస్‌ తనంతట తానే మరమ్మతుకు పూనుకుంటుంది. ఆ ఒక్కదానిని తొలగించి తిరిగి ఎక్కిస్తే సాధారణంగా సరిపోతుంది.

అసలు ప్రమాదం ఫోన్‌ నంబరున్న పెట్టెతో ఉంది. కంప్యూటరుకు వైరస్‌ సోకిందని, ఫలానా నంబరుకు ఫోన్‌ చేయాలని హడలగొడుతుంది. తమ హెచ్చరికలలో ఫోన్‌ నంబరు ఎన్నడూ ఉండదని మైక్రోసాఫ్ట్‌ స్పష్టం చేసింది. విండోస్‌ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగియడంతో ‘మీ విండోస్‌ పాతబడింది’ అనే బెదిరింపును నమ్మడం మరింత సులువైంది. ఇప్పటికే డబ్బు పంపినవారు జాగు చేయకుండా 1930కు ఫిర్యాదు చేయాలి.

మందులోనే రోగం

ఫార్మాట్‌ తరువాత కూడా బెడద తిరిగి రావడానికి మెకానిక్‌ పెన్‌డ్రైవే చాలాసార్లు కారణమవుతోంది. ఎప్పుడో సేకరించిన ఉచిత సాఫ్ట్‌వేర్లను అదే పెన్‌డ్రైవ్‌ నుంచి ప్రతి కంప్యూటరులోకీ ఎక్కిస్తారు. విండోస్‌ను డబ్బు కట్టకుండా నడిపించే ‘యాక్టివేటర్‌’ కూడా అందులోనే ఉంటుంది. అది పనిచేయాలంటే ముందుగా యాంటీవైరస్‌ను ఆపివేయాలని షరతు. కాపలాదారును నిద్రపుచ్చి తలుపు తీయడం వంటిదే ఇది. పేద, మధ్యతరగతి ఇళ్లకు లైసెన్సు విండోస్‌ భారమన్న మాట నిజమే గాని, పనిలో పనిగా ఎక్కించే డజను ఉచిత సాఫ్ట్‌వేర్లు వద్దని చెప్పడానికి ఖర్చేమీ లేదు.

విండోస్‌ సెక్యూరిటీలో అవాంఛిత యాప్‌లను అడ్డుకునే సదుపాయం ఇప్పటికే ఉంది. ‘యాప్‌ అండ్‌ బ్రౌజర్‌ కంట్రోల్‌’లోని రెప్యుటేషన్‌ ఆధారిత రక్షణను తెరిచి, అది పనిచేస్తున్నదో లేదో చూసుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్‌ స్వచ్ఛతా కేంద్రం శుభ్రపరిచే సాధనాలను ఉచితంగానే అందజేస్తోంది. ఇవేవీ ఫలించకపోతే అప్పుడు ఫార్మాట్‌ గురించి ఆలోచించవచ్చు. దుకాణానికి తీసుకువెళ్లే ముందు ఫొటోలను, పత్రాలను, పద్దులను వేరే డిస్కులోకి ఇంట్లోనే నకలు చేసుకుని, అవి తెరుచుకుంటున్నాయో లేదో ఒకసారి చూసుకోవాలి.