స్కానింగ్‌లో కనబడని దెబ్బ

వరంగల్‌లో గృహహింస అర్జీలు చదువుతుంటే ఒక మాట నన్ను ప్రతిసారీ ఆపుతుంది: "కొట్టాడు". ఎక్కడ కొట్టాడో ఉండదు. అడిగితే చెబుతారు, జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడని, తోస్తే గడప మీద పడ్డానని. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్ళయిన ప్రతి వందమందిలో దాదాపు 37 మంది భర్త చేతిలో హింస చవిచూశారు. ఆ సర్వే కమిలిన గాయాలనూ, కాలిన గాయాలనూ, విరిగిన ఎముకలనూ, పళ్ళనూ లెక్కించింది. తలదెబ్బను విడిగా అడగలేదు.

తలకు దెబ్బ తగిలి మెదడు కుదుపుకు లోనవడాన్ని డాక్టర్లు కంకషన్ అంటారు. స్పృహ తప్పాలనేమీ లేదు. సి.టి. స్కాన్ సాధారణంగా మామూలుగానే వస్తుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడం, మతిమరుపు, చిరాకు మాత్రం ఉంటాయి. ఎక్కువమంది కొన్ని వారాల్లో తేరుకుంటారు, కొందరికి నెలలు పడుతుంది. "స్కానింగ్ బాగానే ఉంది" అని డాక్టరంటే, "నటిస్తోంది" అని అత్తింటివారు అర్థం చెప్పుకుంటారు.

బాక్సర్ల మెదడు దెబ్బతినడం గురించి అమెరికాలో మార్ట్‌లాండ్ అనే డాక్టరు 1928లోనే రాశాడు. తలకు బంతి తగిలిన క్రికెటర్ స్థానంలో మరొకరిని దించవచ్చని ఐసీసీ 2019లో నిబంధన తెచ్చింది. కోడలి స్థానంలో పొయ్యి దగ్గరికి ఎవరు దిగుతారు?

ఈ ప్రశ్న ఎగతాళికి వేసింది కాదు, వైద్యమంతా దీనిమీదే ఆధారపడి ఉంది. చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టే పద్ధతి పోయింది. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కలిసిన నిపుణులు చెప్పింది, మొదటి ఒకటి రెండు రోజులు పని తగ్గించి, తర్వాత కొద్దిగా నడక మొదలుపెట్టి, బాధ ఎక్కువ కాకుండా చూసుకుంటూ మెల్లగా పెంచమని. కళ్ళు తిరగడం తగ్గకపోతే తూకం నిలిపే వ్యాయామాలూ, కంటిచూపు నిలిపే వ్యాయామాలూ, మెడనొప్పికి ఫిజియోథెరపీ ఉన్నాయి. వీటికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఎప్పుడు ఆగాలో రోగి తానే నిర్ణయించుకోగలగాలి, అంతే. వంగి ఊడిస్తే కళ్ళు తిరిగే మనిషి ఇంట్లో ఆ మాట అనగలదా? కొత్తవాడలో దర్రీలు నేసే ఒకామె, పోగుల లెక్క తప్పుతోందనీ కూలీ కోస్తున్నారనీ చెప్పింది. ఆమె మందుల చీటీలో ఉన్నది "రెస్ట్" అన్న ఒక్క మాట!

2005 గృహహింస చట్టం 20వ సెక్షన్ వైద్య ఖర్చులనూ, పోయిన సంపాదననూ ఇప్పించుకునే హక్కు ఇస్తోంది. ఫిజియోథెరపీ ఖర్చూ, కోసిన కూలీ కూడా అందులో అడగాలి. అడగాలంటే గృహహింస నివేదికలో తలదెబ్బ సంగతి రాసి ఉండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మెదడు గాయం ఆ పేరుతో లేదు కాబట్టి, సర్టిఫికెట్ మీద ఆశ పెట్టుకుని నివేదికను తేలిగ్గా తీసుకోవద్దు.

ఇంకొక సంగతి. తేదీలు తారుమారైతే అబద్ధమాడుతోందని కోర్టులో వాదిస్తారు, మధ్యవర్తులూ అదే అంటారు. మతిమరుపు ఆ దెబ్బ లక్షణమే కావచ్చు. కార్యకర్తలు ఒక్క రోజులో అంతా చెప్పించకుండా, ట్యూబులైటు వెలుగుకూ జనం గోలకూ దూరంగా, రెండు మూడు సార్లు కూర్చోబెట్టి రాసుకోవాలి.

మళ్ళీ మళ్ళీ వాంతులవుతున్నా, మగత కమ్ముతున్నా, ఫిట్స్ వచ్చినా, కాలో చెయ్యో పట్టు తప్పినా పంచాయితీ వాయిదా వేసి, ముందు ఎంజీఎం ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.