ఈ ఇంతెజార్‌కి తారీఖు ఉందా?

మన ఇళ్లల్లో ఇప్పుడొక కొత్త రకం ఇంతెజార్ నడుస్తోంది. పిల్లోడు ఇంటర్ పాసై ఇంజనీరింగ్‌లో చేరతాడు. అబ్బా దమ్మామ్ నుంచో జెద్దా నుంచో పంపిన పైసల్లోంచి అమ్మీ ఓ లక్ష ల్యాప్‌టాప్ కోసం పక్కన పెడుతుంది. దుకాణానికి పోదాం పద బేటా అంటే, "ఇప్పుడొద్దు అమ్మీ, జనవరిలో కొత్త గ్రాఫిక్స్ కార్డు వస్తోంది" అంటాడు. జనవరి వస్తుంది. "ఇప్పుడే కదా వచ్చింది, ఖీమత్ కాస్త దిగనీ" అంటాడు. దిగే వేళకి "దీని పైది వస్తోందట" అంటాడు. ఈలోగా రెండు సెమిస్టర్లు ఫోను మీద, దోస్తుల ల్యాప్‌టాప్ మీద గడిచిపోతాయి.

నా మాట సూటిగా చెప్తా. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ఇంకా తాఖత్ ఉన్న కార్డు వస్తుందని తారీఖు లేకుండా ఆగడం నుక్సాన్ బేరం. ఆగమని సలహా ఇచ్చేవాడికి పైసా ఖర్చు లేదు. ఖర్చంతా ఆగినవాడిదే.

ఆగమనే వాళ్ల దలీల్ ఏంటి? "టెక్నాలజీ పరుగెత్తుతోంది, ఇవాళ కొన్నది రేపటికి పాతదైపోతుంది." డెస్క్‌టాప్ విషయంలో ఈ మాటకి కొంత బలం ఉంది. అక్కడ పెద్ద డబ్బా, పెద్ద ఫ్యాన్లు, కావలసినంత కరెంటు. ల్యాప్‌టాప్ కథ వేరు. అక్కడ హుకుం నడిపేది కార్డు పేరు కాదు, గర్మీ. రెండు వేళ్ల మందం లేని డబ్బాలోంచి ఎంత వేడిని బయటికి తోలగలం అన్నదే అసలు సవాల్.

అంకెలు చూడండి. డెస్క్‌టాప్‌లో ఆర్‌టిఎక్స్ 4090 కార్డు 450 వాట్ల దాకా తాగుతుంది. అదే పేరుతో ల్యాప్‌టాప్‌లో వచ్చింది 150 వాట్లు, అవకాశం దొరికితే ఇంకో 25. డెస్క్‌టాప్ దాంట్లో 16,384 కోర్లు, ల్యాప్‌టాప్ దాంట్లో 9,728. పేరొకటే, లోపలి చిప్పే వేరు. తర్వాత 2025లో 5090 వచ్చింది. డెస్క్‌టాప్‌లో అది 575 వాట్లకి ఎగబాకింది. ల్యాప్‌టాప్‌లోనో? మళ్లీ అదే 150, పైన 25. సిరీస్ మారింది, ఖీమత్ మారింది, హద్దు మాత్రం ఉన్నచోటే ఉంది.

వాట్లు పెరగనప్పుడు తాఖత్ ఎక్కడి నుంచి రావాలి? ముఖ్యంగా చిప్ తయారీ మెరుగుపడాలి. 2021లో వచ్చిన 30 సిరీస్ ల్యాప్‌టాప్ కార్డులు శాంసంగ్ 8 నానోమీటర్ పద్ధతిలో తయారయ్యాయి. 2023 నాటి 40 సిరీస్‌ని తైవాన్ కంపెనీ టీఎస్ఎమ్‌సీ 4ఎన్ అనే పద్ధతిలో చేసింది. అది నిజమైన పెద్ద అడుగు. అప్పుడు ఆగినవాడికి ఫాయిదా దక్కింది, కాదనను. 2025లో 50 సిరీస్ వచ్చేసరికి తయారీ మళ్లీ అదే 4ఎన్. ల్యాప్‌టాప్‌లో 4070కి 4,608 కోర్లు, 5070కీ 4,608 కోర్లే. మెమొరీ రకం మారి దాని వేగం పెరిగింది, నిజమే. అంతమాత్రానికి రెండేళ్లు కూర్చోవాలా?

మెమొరీ పరిమాణం దగ్గరికి రండి, ఇంకా తమాషాగా ఉంటుంది. ల్యాప్‌టాప్‌లలో 2016 నాటి 1070లో 8 జీబీ. 2019 నాటి 2070లో 8. 2021 నాటి 3070లో 8. 2023 నాటి 4070లో 8. 2025లో వచ్చిన 5070లోనూ 8. తొమ్మిదేళ్లు, ఐదు తరాలు, అంకె కదల్లేదు. "వచ్చేసారి మెమొరీ పెంచుతారు భాయ్" అని ఏటా చెప్పేవాళ్లని ఈ ఐదు అంకెలూ వరుసగా చదవమనండి.

మరి ప్రతి జనవరిలో లాస్ వెగాస్ వేదిక మీద అంత హంగామా దేనికి? 2025లో ఎన్విడియా పెద్దమనిషి జెన్సన్ హువాంగ్, 549 డాలర్ల డెస్క్‌టాప్ 5070 కార్డు పాత 4090 అంత పని చేస్తుందని ప్రకటించాడు. దాని వెనక ఉన్నది ఫ్రేమ్ జనరేషన్. కార్డు ఒక ఫ్రేము నిజంగా గీస్తుంది, ఆ తర్వాత మరికొన్ని ఫ్రేములు ఏఐ అంచనాతో నింపుతుంది. తెర మీద నంబరు ఎగిరిపోతుంది, బొమ్మ నున్నగా కదులుతుంది. కానీ ఆ నింపిన ఫ్రేములు మీవాడు బటన్ నొక్కింది చూసి పుట్టినవి కావు. కంటికి హాయి, చేతికి ఆ చురుకు రాదు. అది మంచి హునరే, కాదనను. దాన్ని తాఖత్ అని అమ్మితే మాత్రం ధోఖా అంటాను.

ఆగేవాళ్ల చేతిలో ఒక గట్టి దలీల్ ఉంది, దానికి జవాబు చెప్పకపోతే ఇన్సాఫ్ కాదు. "ర్యామ్ తర్వాత వేసుకోవచ్చు, ఎస్ఎస్‌డీ మార్చుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో కార్డు బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చలేం. అందుకే ఆగి మంచిది కొనాలి" అంటారు. మొదటి సగం చాలా ల్యాప్‌టాప్‌ల విషయంలో నిజమే. అందులోంచి తేలేది ఏంటి? ఇవాళ దుకాణంలో ఉన్నవాటిలో జరూరత్‌కి సరిపోయేది జాగ్రత్తగా ఎంచుకోవాలని. వీలైతే ఒక మెట్టు పైది తీసుకోవాలని. ఇంకా పుట్టని కార్డు కోసం కూర్చోవాలని కాదు. మార్చలేం అన్న మాట వచ్చే ఏడాది కొనేదానికీ వర్తిస్తుంది, ఆ పై ఏడాది కొనేదానికీ వర్తిస్తుంది. ఈ దలీల్‌ని నమ్ముకుంటే మనిషి జన్మలో ల్యాప్‌టాప్ కొనలేడు.

నిజంగా తాఖతే కావాలంటే దానికి వేరే దర్వాజా ఉంది: డెస్క్‌టాప్. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అదే పైసలతో విడిభాగాలు కొని కట్టించుకుంటే ఇంకా గట్టి యంత్రం వస్తుంది, రేపు కార్డు ఒక్కటే మార్చుకోవచ్చు. హాస్టల్లో ఉంటాడు, మోసుకెళ్లాలి అంటారా? అయితే మోసుకెళ్లడమే మీ జరూరత్. దాని ఖీమత్ తాఖత్ తగ్గడమే. రెండూ ఒక్క డబ్బాలో దొరికే రోజు కోసం ఆగేవాడు కార్డు కోసం కాదు, కరామత్ కోసం ఆగుతున్నాడు.

"కనీసం రేట్లు దిగుతాయి కదా?" దిగవచ్చు, దిగకపోవచ్చు. 2021లో చిప్పుల కొరత, క్రిప్టో మైనింగ్ పిచ్చి కలిసి కార్డుల ధరలు మండిపోయాయి. ఆగినవాళ్లు ఎక్కువ పెట్టి కొన్నారు. 2025 ఆఖర్లో ఏఐ డేటా సెంటర్ల దాహానికి మెమొరీ చిప్పుల రేట్లు ఎగిశాయి. ఆ డిసెంబరులోనే మైక్రాన్ కంపెనీ మామూలు జనానికి క్రూషియల్ పేరుతో మెమొరీ అమ్మే ధంధా మూసేస్తున్నట్టు ప్రకటించింది. విడిభాగాల లెక్క డాలర్లలో నడుస్తుంది. మన రూపాయి బలహీనపడితే ఆ భారమూ మన నెత్తినే. ఆగితే చవక అన్నది ఉసూల్ కాదు, జూదం.

ఇంతెజార్‌లో ఇంకో మాయ ఉంది: ఆకలి పెంచుతుంది. మొదటి నెల 4050 చాలనిపిస్తుంది. ఆరు నెలలు వీడియోలు చూశాక 5060 లేనిదే మనసొప్పదు. ఏడాది తిరిగేసరికి 5070 టీఐ కంటే కిందది కొనడం బేఇజ్జత్ అనిపిస్తుంది. లక్ష కాస్తా లక్షన్నర దాటుతుంది. ఆ తేడా ఎక్కడి నుంచి? దుకాణంవాడు నవ్వుతూ "నో కాస్ట్ ఈఎంఐ" కాగితం ముందు పెడతాడు. సున్నా శాతం వడ్డీ అన్నదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకి చెప్పింది. వడ్డీ ఖీమత్‌లో దాక్కుంటుంది, లేదా రాయితీ రూపంలో అటూ ఇటూ సర్దుతారు. సూద్‌కి దూరంగా ఉండాలని జిందగీ అంతా జాగ్రత్తపడ్డ ఇళ్లు ఒక ఆట డబ్బా కోసం ఆ కాగితం మీద సంతకం పెడుతున్నాయి. ఆ సంతకానికి బీజం పడింది దుకాణంలో కాదు, ఏడాది పొడుగు ఇంతెజార్‌లో.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది వేరే ఉంది. అదే ఇంట్లో ఇంకొకరు కూడా ఆగుతున్నారు, వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. డిగ్రీ చదివే చెల్లెలు. అసైన్‌మెంట్లు పగిలిన ఫోను మీద టైపు చేస్తుంది. "భాయ్‌జాన్‌ది కొన్నాక చూద్దాం బేటీ" అని ఆమెకి చెప్పారు. భాయ్‌జాన్ కొనడు, ఆ లక్ష కదలదు, ఆమె వంతు రాదు. ఆమెకి కావలసింది ప్రత్యేక కార్డు లేని మామూలు ల్యాప్‌టాప్. దానికి ఆ లక్షలో సగం చాలు. పిల్లోడి షౌఖ్ ఆగితే నష్టం చిన్నది. పిల్ల తాలీమ్ ఆగితే ఆ ఏడాది మళ్లీ రాదు. ఈ హిసాబ్ వేయాల్సింది పిల్లోడు కాదు, మనం.

నేను ఆటలకి ఖిలాఫ్ కాదు. ఇరవై ఏళ్ల కుర్రాడు ఆడుకోవాలి. ఆడాలనుకునేవాడు ఇవాళ ఆడాలనే నేను అంటున్నది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివి ఆడటానికి పెద్ద కార్డు అక్కర్లేదు. జీటీఏ 6 కోసం ఆగుతున్నా అంటాడా? రాక్‌స్టార్ దాన్ని ప్రకటించింది ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ మీద. చదువు సంగతీ అంతే. సీఎస్ఈ మొదటి ఏళ్లలో కోడింగ్‌కి గ్రాఫిక్స్ కార్డుతో పనే లేదు. మెషీన్ లెర్నింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టడానికి గూగుల్ కోలాబ్ ఉచితంగా కొంత జీపీయూ ఇస్తుంది. బీటెక్ అంటే ఎనిమిది సెమిస్టర్లు. రెండు ఇంతెజార్‌లో పోతే పావు వంతు పోయినట్టు.

ఆగడం ఎప్పుడు సబబు? తారీఖు ఉన్నప్పుడు. కొత్త సిరీస్ అమ్మకాల తేదీ ప్రకటించారు, ఇంట్లో పనిచేసే ల్యాప్‌టాప్ ఉంది అంటే ఒకటి రెండు నెలలు ఆగండి. అదీ కొత్తది కొనడానికి కాదు, పాత స్టాకు మీద రేటు దిగితే అందుకోవడానికి. చేసే పనికి 12 జీబీ తప్పనిసరి, చేతిలో పైసలు చాలవు అంటే జమచేసుకోండి. ఫలానా నెలకి ఇంత జమ అని రాసి పెట్టుకోండి. తారీఖు ఉంటే అది ఇంతెజామ్. తారీఖు లేకపోతే బహానా.

దుకాణానికి వెళ్లినప్పుడు "తర్వాత ఏ కార్డు వస్తోంది" అని అడగకండి, "ఈ కార్డుకి ఎన్ని వాట్లు ఇచ్చారు" అని అడగండి. ల్యాప్‌టాప్‌లో 4060 అనే ఒక్క పేరు మీదే 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా అమ్మారు. తక్కువ వాట్ల పెద్ద పేరు కంటే నిండు వాట్ల చిన్న పేరు మేలు చేసే సందర్భాలున్నాయి. వచ్చే ఏడాది పుకారు చెప్పగలిగినవాడు ఇవాళ్టి వాట్లు చెప్పలేకపోతే, ఆ దుకాణం మెట్లు దిగి పక్క దుకాణం ఎక్కండి.

ఈ వారమే ఇంట్లో అందరూ కూర్చుని మష్వరా చేయండి. అమ్మీ, పిల్లోడు, పిల్ల, ఫోనులో అబ్బా. ఎవరికి ఏ పని ఉంది, ఏ నెలకి కావాలి, ఎంత వరకు పెట్టగలం, ఈ మూడూ కాగితం మీద రాయండి. చెల్లెలి ల్యాప్‌టాప్ ఆ కాగితంలో మొదటి వరుసలో ఉండాలి. రాసిన నెలలో, రాసిన హద్దులో, దుకాణంలో ఉన్నవాటిలో మంచిది కొనేయండి. ఆ తర్వాత కొత్త కార్డుల వీడియోలు ఆరు నెలలు చూడొద్దని పిల్లోడికి చెప్పండి. ఎలాగూ సెమిస్టర్ పరీక్షలుంటాయి.