వంశానికీ లింకు డాక్యుమెంట్లు కావాలి

ముప్పయ్యేళ్లకు పైగా దస్తావేజులు రాసి బతికినవాణ్ని. ఎంత పెద్దమనిషి వచ్చి చెప్పినా లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు, చూడందే కలం పట్టలేదు. ఉత్తర కరోలినాలో మా అమ్మాయి ఇంట్లో ఆరు నెలలు ఉన్నప్పుడు ఆ అలవాటే నన్నొక ఐరిష్ కుటుంబం కథలోకి దింపింది.

పక్కింట్లో ఎనభై దాటిన రిటైర్డు టీచరమ్మ ఉండేవారు. ఒక సాయంత్రం తన వంశవృక్షం తెచ్చి చూపించారు. అన్నిటికన్నా పైన బ్రయన్ బోరు, 1014లో చనిపోయిన ఐర్లండు రాజు. అట్టడుగున ఆవిడ పేరు. "మధ్యలో ఉన్న ఈ పేర్లకు కాగితాలున్నాయా?" అని అడిగాను. లేవు. ఇంటర్నెట్లో ఒకరు పెట్టింది మరొకరు, వాళ్ల దగ్గర్నుంచి ఈవిడా దించుకున్నారు.

నా మాట సూటిగా చెబుతాను. ఆధారం లేని వంశవృక్షం పెద్దలకు గౌరవం కాదు, అన్యాయం. రాజుగారిని తెచ్చి పైన కూర్చోబెట్టిన రోజునే మన అసలు తాతను వెతకడం మానేస్తాం.

నాకు తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టాం. ఇవాళ్టి నుంచి వెనక్కి, తరానికో కాగితం. 1850 దాకా దారి సాఫీగానే ఉంది. అమెరికా జనాభా లెక్కల్లో ఇంట్లోని స్వేచ్ఛాపౌరులందరి పేర్లూ రాయడం ఆ ఏడాదే మొదలైంది. 1790 నుంచి 1840 వరకు ఇంటి యజమానికే పేరు. భార్యాపిల్లలు గళ్లలో అంకెలు. ఓడల్లో వచ్చినవాళ్ల జాబితాలను కేంద్ర ప్రభుత్వం అడిగింది 1820 నుంచే. ఈవిడ పెద్దలు అప్పటికి యాభై ఏళ్లకు పైగా ముందే దిగారు.

ముడి విప్పింది ఒక పెన్షను అర్జీ. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన ముసలి సైనికుల కోసం 1832లో చట్టం చేశారు. అర్జీదారు ఎక్కడ పుట్టాడో, ఏ ఏడాది పుట్టాడో, వయసుకు రుజువేమిటో ప్రమాణం చేసి చెప్పాలి. ఇంటి బైబిల్లో పుట్టుకలూ పెళ్లిళ్లూ రాసుకున్న పుటలను చింపి పంపిన కుటుంబాలున్నాయి. అవి ఇప్పటికీ ఆ ఫైళ్లలోనే ఉన్నాయి. ఈవిడ పూర్వీకుడు మాత్రం ఒక్క ముక్క చెప్పాడు: ఐర్లండు, యాంట్రిమ్ కౌంటీలో పుట్టాను, పసితనంలోనే తెచ్చారు.

అతని తండ్రి తన భూమిలో కొంత అమ్ముతూ 1774లో రాయించిన దస్తావేజు తర్వాత దొరికింది. అచ్చం మన చెక్కుబందీయే. వాగు ఒడ్డున తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై, తూర్పుగా ఇన్ని పోళ్లు, ఫలానావారి హద్దు వరకు. నాలుగు పోళ్లు ఒక గొలుసు, అంటే అరవై ఆరు అడుగులు. మన పొలాలు కొలిచిందీ ఆ గొలుసుతోనే. అడుగున సంతకం లేదు. వంకరగా గీసిన ఒక గుర్తు, దానికి అటూ ఇటూ గుమాస్తా రాసిన పేరు. మా భాషలో నిశాని. ఆ గుర్తు మీద వేలు పెట్టి ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

హద్దులు చదవడం వస్తే దస్తావేజు చాలా చెబుతుంది. ఐర్లండు ఉత్తరాన అల్స్టర్ నుంచి వచ్చిన రైతులు చాలామంది చుట్టాలతో, తమ చర్చివాళ్లతో కలిసి వచ్చారు. ఫిలడెల్ఫియా వైపు దిగి, షెనండోవా లోయ మీదుగా బండ్ల బాటన కరోలినా చేరారు. మా దస్తావేజులో హద్దుదారుడే మరో కాగితంలో సాక్షి. పెద్దకొడుక్కి తండ్రివైపు తాత పేరు, రెండోవాడికి తల్లివైపు తాత పేరు పెట్టే ఆనవాయితీ వాళ్లకూ ఉంది. దాన్నిబట్టి ఆ రైతు ఇల్లాలి పుట్టింటివారెవరో ఊహకు అందింది. రుజువు దొరికేదాకా పెన్సిలుతోనే రాయమన్నాను.

యాంట్రిమ్‌లో ఏ ఊరన్నది దొరకలేదు. 1922 జూన్ 30న, ఐర్లండు అంతర్యుద్ధంలో, డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లోని రికార్డు ఆఫీసు పేలి తగలబడింది. తరతరాల వీలునామాలు, చర్చి రిజిస్టర్లు, జనాభా లెక్కలు బూడిదయ్యాయి. ఎక్కడెక్కడో మిగిలిన నకళ్లు ఏరి, 2022లో ఇంటర్నెట్లో అందరికీ ఉచితంగా తెరిచారు. రెండో నకలు విలువ అదీ. ఇక కరోలినాలో, ఈవిడ పెద్దల భూమి చుట్టుపక్కలే, వాక్స్‌హాస్ ప్రాంతంలో 1767లో పుట్టిన ఆండ్రూ జాక్సన్ దేశానికి ఏడో అధ్యక్షుడయ్యాడు. అతని తల్లిదండ్రులు 1765లో యాంట్రిమ్ నుంచి వచ్చినవాళ్లే. అతను ఉత్తర కరోలినాలో పుట్టాడా, దక్షిణ కరోలినాలోనా అన్న వాదన నేటికీ తెగలేదు. అధ్యక్షుడి పుట్టుకకే కాగితం లేదు. నిశాని పెట్టిన రైతు ఊరు తెలియకపోవడం అవమానం కాదు.

చివరగా ఆ రైతు చనిపోయాక రాసిన ఆస్తి జాబితా చూశాం. ఆవులు, నాగలి, పరుపు. ఆ వరసలోనే ఒక తల్లి, బిడ్డ. ఇంటిపేరు లేని రెండు పేర్లు, పక్కన ధర. 1850, 1860 లెక్కల్లో బానిసలను వయసుతో, స్త్రీ పురుష భేదంతో లెక్కపెట్టారే తప్ప, దాదాపు ఎక్కడా పేర్లు రాయలేదు. వాళ్లలో ఎక్కువమంది పేరుతో లెక్కకెక్కింది 1870లోనే. ఆ తల్లీబిడ్డల వారసులు ఇవాళ వెతుకుతుంటే, వాళ్ల లింకు డాక్యుమెంటు ఉన్నది ఈ ఐరిష్ ఇంటి కాగితాల్లోనే. అందుకే అంటున్నాను, పాత కాగితం ఎవరింట్లో ఉన్నా అది వాళ్ల ఒక్కరి సొత్తు కాదు. నకలు తీసి నలుగురికీ అందేచోట పెట్టాలి.

నేను తిరిగి వచ్చే ముందు ఆవిడ కొత్త పటం గీశారు. రాజుగారు లేరు. పైన ఆ వంకర గుర్తు, దాని మీద ఒక ఖాళీ గడి. వేరే కాగితం మీద ఆ తల్లీబిడ్డల పేర్లు, జాబితా తేదీ, కౌంటీ పేరు పొందికగా రాశారు. మర్నాడు ఇద్దరం వెళ్లి ఆ కాగితాన్ని కౌంటీ గ్రంథాలయంలో ఇచ్చి వచ్చాం.