పింగ్‌చిలో ఎక్కడ?

ఏలూరులో ప్యాసింజరు రైలెక్కి తాడేపల్లిగూడెం వైపు వెళ్తుంటే దెందులూరు, భీమడోలు, పూళ్ల, ఉంగుటూరు... ఒక్కో స్టేషనూ వెనక్కి వెళ్లిపోతుంటుంది. కుడిచేతి కిటికీ దగ్గర కూర్చున్నవాళ్లకి చేలు, చేపల చెరువులు, వాటి అవతల కొల్లేటి పల్లం. ఎడమవైపు కూర్చున్నవాళ్లకి మెట్ట. ఆ మెట్ట అంచునే, ఏలూరుకి ఉత్తరాన సుమారు 12 కిలోమీటర్ల దూరంలో పెదవేగి ఉంది. పదమూడు వందల ఎనభై ఏళ్ల కిందట ఒక చైనా సన్యాసి అక్కడికి నడిచి వచ్చాడు. ఆ ఊరి పేరు, చుట్టుకొలత, పంట, ఎండ, మనుషుల స్వభావం అన్నీ రాసుకుని మరీ వెళ్లాడు!

ఆయనే హుయాన్‌త్సాంగ్. బడి పుస్తకాల్లో హర్షుడి పాఠం చదివినవాళ్లందరికీ తెలిసిన పేరే. 629లో చైనా నుంచి బయల్దేరి, 645లో తిరిగి ఇల్లు చేరాడు. మరుసటి ఏడాదే చక్రవర్తి కోసం తాను చూసిన, విన్న దేశాల వివరాలు గ్రంథంగా సిద్ధం చేశాడు. అందులో కోసల తర్వాత వచ్చే దేశం ‘అన్‌-త-లో’. అంటే ఆంధ్ర. దాని రాజధాని ‘పింగ్‌-చి-లో’. చైనా లిపిలో మన పేర్లు ఎలా మారిపోతాయో చెప్పడానికి ఈ ఒక్కటి చాలు. వేంగి కాస్తా పింగ్‌చిలో అయి కూర్చుంది.

ఇంతకీ ఏం రాశాడు? దేశం చుట్టుకొలత సుమారు మూడు వేల ‘లీ’లు, రాజధాని చుట్టుకొలత ఇరవై లీలు (రెండు, మూడు లీలు కలిస్తే ఒక కిలోమీటరు). నేల సారవంతం, ధాన్యం సమృద్ధి, ఎండలు జాస్తి. ఇరవై దాకా బౌద్ధారామాలు, మూడు వేల మంది భిక్షువులు, ముప్పై దాకా దేవాలయాలు. రాజధానికి దగ్గర్లోనే అంతస్తుల గోపురాలతో పెద్ద ఆరామం, దాని ముందు రాతి స్తూపం. భాష మధ్యదేశానికి వేరుగా ఉన్నా అక్షరాల తీరు దాదాపు ఒకటేనట. ఇక్కడి జనానికి కోపం, దూకుడు ఎక్కువని కూడా ఒక మాట అనేశాడు. మే నెలలో ఏలూరు బస్టాండులో కాసేపు నిలబడినవాళ్లు ఆయన్ని క్షమించేస్తారు.

ఇంత రాసినవాడు ఒకటి మాత్రం రాయలేదు. కొల్లేరు!

పక్కనే సముద్రంలాంటి సరస్సు. అప్పటికి కొద్ది ఏళ్ల ముందే, 634లో, రెండో పులకేశి విజయాలు చెబుతూ రవికీర్తి చెక్కించిన ఐహోళె శాసనంలో ‘కునాల’ జలాలు నెత్తుటితో ఎరుపెక్కాయన్న వర్ణన ఉంది. ఆ కునాలే కొల్లేరని చరిత్రకారుల మాట. దండి ‘దశకుమార చరిత్ర’లోనూ ఆంధ్ర నగరం పక్కన నీటిపక్షులతో నిండిన మహాసరస్సు కనిపిస్తుంది. మరి మన యాత్రికుడి కంట ఎందుకు పడలేదు? పడే ఉంటుంది. ఆయన వెతుకుతున్నవి వేరు... ఆరామాలు, స్తూపాలు, గురువులు. తర్వాత మజిలీ ధాన్యకటకంలో అయితే ఇద్దరు భిక్షువుల దగ్గర కొన్ని నెలలు కూర్చుని శాస్త్రం చదువుకున్నాడు. సరస్సు ఆయన పనిలో లేదు, అంతే.

అసలు చిత్రం ఆ తర్వాత జరిగింది. ఆయన గీసింది పటం కాదు, రాసింది జాబితా. ఫలానా దేశం నుంచి ఫలానా దిక్కుగా ఇన్ని లీలు నడిస్తే ఫలానా దేశం... ఇదీ వరస. ఆ వరసనే పట్టుకుని తరవాతి తరాలు పటాలు గీశాయి. జపాన్‌లోని హోర్యూజీ ఆలయంలో 1364 నాటి పటం ఒకటుంది. అందులో భారతదేశం కింద కోసుగా ఉన్న కోడిగుడ్డులా కనిపిస్తుంది. దాని నిండా హుయాన్‌త్సాంగ్ చెప్పిన దేశాల పేర్లే. 1710లో క్యోటోలో ఒక బౌద్ధ సన్యాసి అచ్చు వేయించిన ప్రపంచపటంలోనూ నట్టనడుమ ఉన్నది భారతదేశమే. యూరప్ ఓ మూల దీవుల గుంపు! అప్పటికి అమెరికా తెలుసు, ఆఫ్రికా చుట్టుదారి తెలుసు. మాటియో రిచీ అనే ఇటలీ మతాచార్యుడు చైనావాళ్లతో కలిసి 1602లోనే బీజింగ్‌లో చైనా అక్షరాలతో ప్రపంచపటం అచ్చువేయించాడు. అయినా వెయ్యేళ్ల కిందటి కాలినడక లెక్కలు జపాన్‌లో చెల్లుబాటు అవుతూనే ఉన్నాయి. కొత్త జ్ఞానం వచ్చినంత మాత్రాన పాతది చాప చుట్టుకుని వెళ్లిపోదు. రెండూ ఒకే గదిలో చాలాకాలం కాపురం చేస్తాయి.

ఓడవాళ్ల పటాలది ఇంకో దారి. 1405 నుంచి 1433 దాకా జెంగ్ హె నౌకాదళాలు మన కాలికట్ మీదుగా హోర్ముజ్, తూర్పు ఆఫ్రికా దాకా తిరిగాయి. ఆ దారుల పటం 1620లలో వెలువడిన ఓ సైనిక గ్రంథంలో మిగిలింది. అది చూస్తే మనకు తల తిరుగుతుంది. పై అంచున భారత తీరం, కింది అంచున ఆఫ్రికా తీరం ఎదురెదురుగా, రోడ్డుకి రెండు పక్కల ఇళ్లలా ఉంటాయి. దిక్కులు పుటపుటకీ మారతాయి. తప్పా? కాదు. ఓడ నడిపేవాడికి దేశం ఆకారంతో పనేముంది? సూది ఏ దిక్కు చూపాలి, ఎన్ని జాములు పోవాలి, ఫలానా చుక్క ఎన్ని వేళ్ల ఎత్తున కనిపించాలి... ఇవుంటే చాలు. రోజుకి పది జాముల లెక్క వాళ్లది.

సముద్రం మీద మన తీరం పేరు అంతకు చాలాముందే వినిపించింది. క్రీ.శ. రెండో శతాబ్దంలో టాలెమీ మైసోలియా తీరంలో ‘కొంటకొస్సిల’ రేవు గురించి రాశాడు. అది మన ఘంటసాల. ఓడలు తీరం వదిలి సువర్ణభూమి వైపు మళ్లే చోటు కూడా ఈ తీరంలోనే ఉందన్నాడు. ఆయన చెప్పిన ‘బెనగౌరాన్’ వేంగేనని కొందరు పండితుల అభిప్రాయం. అన్నీ బాగానే చెప్పాడు కానీ ఆయన లెక్కల ప్రకారం పటం గీస్తే మన దేశం అడుగు నరికేసినట్టు చదునుగా, సింహళం మాత్రం ఖండమంత పెద్దగా వస్తుంది. చైనా సరుకు సంగతంటారా... 1244 నాటి గణపతిదేవుడి మోటుపల్లి శాసనంలో సుంకాల పట్టికలో చీనా కర్పూరం ఉంది. చీనాంబరం మన మాటల్లో ఉంది. రాయలసీమలో బత్తాయిని ఇప్పటికీ చీనీకాయ అనే అంటారు.

మళ్లీ పింగ్‌చిలో దగ్గరికి వద్దాం. హుయాన్‌త్సాంగ్ గ్రంథం 1857-58లో ఫ్రెంచిలోకి వచ్చాక మన పురావస్తు పండితులకి అది దారిపటమైపోయింది. పుస్తకం ఒక చేత్తో, కొలత గొలుసు ఇంకో చేత్తో బయల్దేరారు. 1871లో కన్నింగ్‌హామ్ ఆ రాజధానిని ఇప్పటి తెలంగాణ వైపు వెతికాడు. ఆ తర్వాతి పండితులు కొల్లేటికి వాయవ్యంగా ఉన్న వేంగి మీదికే మొగ్గారు. లీల లెక్క ఎలా వేసినా అచ్చంగా కుదరదు. కానీ వేంగి నేల సాక్ష్యం చెబుతోంది. అలహాబాద్ స్తంభం మీద సముద్రగుప్తుడు ఓడించిన రాజుల్లో వేంగి హస్తివర్మ ఉన్నాడు. పెదవేగి తవ్వకాల్లో బౌద్ధ స్తూపం అవశేషాలు బయటపడ్డాయి. గుంటుపల్లి గుహలు, తాడేపల్లిగూడెం దగ్గరి అరుగొలను బౌద్ధ దిబ్బ చుట్టుపక్కలే ఉన్నాయి.

చైనా సన్యాసి వదిలేసిన కొల్లేటిని గీతలో బంధించడం మనవాళ్లకీ అంత తేలిక కాలేదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు పొంగితే పదో కాంటూరు దాకా 901 చదరపు కిలోమీటర్లు. ఐదో కాంటూరు దగ్గర గీత గీస్తే 308. కాంటూరంటే మరేం కాదు, సముద్రమట్టానికి ఇన్ని అడుగుల ఎత్తని పటం మీద గీసే గీత. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. వలస వెళ్లిన కుటుంబాలున్నాయి, మళ్లీ గట్లు వేసుకున్నవాళ్లున్నారు. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకి కుదించాలని 2008లో అసెంబ్లీ తీర్మానం చేసింది. కేంద్రం పంపిన నిపుణుల సంఘం ఒప్పుకోలేదు. నీరు మాత్రం ఏ గీతా చూసుకోదు. వానాకాలంలో ఉప్పుటేరు లాగలేనంత వచ్చినప్పుడు లంకల్లోకి వచ్చేస్తుంది. పక్షులదీ అదే తీరు. ఆటపాక గూడబాతులు గీతకి లోపలా బయటా అని చూసి వాలవు కదా!

లంక గ్రామాల్లో చెరువు కౌలు మాట వచ్చినా, బ్యాంకు అప్పు మాట వచ్చినా ముందు అడిగేది మాత్రం ఒకటే. మీ చెరువు ఐదో కాంటూరుకి లోపలా, బయటా?