సాకే రుచి చూడటానికి వెళ్లి, నా బియ్యం ప్యాకెట్ మీద రాత మార్చుకున్నాను



జపాన్ వెళ్లొచ్చానని తెలియగానే మనవాళ్లందరూ ఒకటే అడిగారు, "ఫుకువోకా గారి ఊరు చూశావా?" అని. లేదండి. ఆయనది షికోకు దీవిలోని ఎహిమే. నేనున్న ఎనిమిది రోజుల్లో అటువైపు పోవడానికి కుదరలేదు. నేను చూసింది సాకే తయారుచేసే ఊళ్లు. సాకే అంటే బియ్యం పులియబెట్టి చేసే మద్యం. పైన వీడియో చూసి మా నాయనే మొదట అన్నాడు, "ఏందిరా, సేద్యం నేర్చుకోను పోయి మందు తాగొచ్చావా?" అని.

మాది నెల్లూరు జిల్లా. దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన జిల్లా. కాబట్టి ముందే చెబుతున్నా, ఎవరినీ తాగమనడానికి ఇది రాయడం లేదు. నా బియ్యం ప్యాకెట్ మీద నేనే వేయించిన ఒక అబద్ధం గురించి రాస్తున్నా.

రెండేళ్ల కిందట నవారా బియ్యం కిలో ప్యాకెట్ల మీద "షుగర్‌ను తగ్గిస్తుంది" అని అచ్చు వేయించాను. అందరూ రాస్తున్నారు, నేనూ రాశాను. అగ్రికల్చర్ డిప్లొమా చదివినోణ్ణి, ఆ మాటకి నా దగ్గర ఏ ఆధారమూ లేదని నాకు తెలుసు. మా దగ్గర నెలనెలా కొనే ఒక రిటైర్డ్ టీచరమ్మ దాన్ని నమ్మి, మాత్రలు తనంతట తనే సగానికి తగ్గించుకున్నారు. రెండు పూటలా ఆ అన్నమే తిన్నారు. షుగర్ పెరిగి ఆసుపత్రిలో చేరారు. వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నా, తిట్టలేదు. "అన్నా, మా అమ్మ డాక్టరు మాట కన్నా మీ ప్యాకెట్ మాట నమ్మింది" అని పెట్టేశాడు. ఆ మాట మనసులో పెట్టుకునే విమానం ఎక్కాను.

మా బావమరిది ఒసాకాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. "బావా, నువ్వు బియ్యం మనిషివి, గుళ్లూ గోపురాలూ తర్వాత చూద్దువు" అని గైడ్‌తో రెండు రోజుల సాకే టూర్ బుక్ చేశాడు. ఒక రోజు కోబే దగ్గర నాద, ఇంకో రోజు హిరోషిమా వైపు సైజో. రెండు చోట్లకీ రైల్లోనే పోయాం. అక్కడ తాగి బండి నడిపితే చాలా పెద్ద నేరం.

నాదలో నీళ్ల కథ చెప్పారు. 1840 ప్రాంతంలో యమమురా అనే సాకే వ్యాపారికి రెండు చోట్ల బట్టీలు ఉండేవట. నిషినోమియాలో చేసింది ఎప్పుడూ బాగుండేది, ఉవోజాకిలో చేసింది అంత బాగుండేది కాదు. ఆయన ముందు బియ్యం మార్చి చూశాడు. తేడా పోలేదు. పనివాళ్ల మేస్త్రీలను అటు ఇటు మార్చాడు. అప్పుడూ పోలేదు. చివరికి నిషినోమియా బావి నీళ్లు మోయించుకొచ్చి ఉవోజాకిలో వాడితే రుచి కుదిరింది. ఆ నీళ్లలో ఇనుము బాగా తక్కువ, పొటాషియం, ఫాస్ఫేట్ ఎక్కువ అని తర్వాత పరీక్షల్లో తేలింది. ఆ నీళ్లనే ఇప్పటికీ "మియమిజు" అంటారు.

అన్నీ ఒకేసారి మార్చకుండా, ఒక్కోటి మార్చి చూసుకున్నాడు ఆయన. మనం ఏం చేస్తాం? ఒకే సీజన్లో విత్తనం మారుస్తాం, జీవామృతం పోస్తాం, ఆచ్ఛాదన వేస్తాం. దిగుబడి పెరిగితే అంతా జీవామృతం మహిమే అంటాం.

పాత రోజుల్లో నాద బట్టీల్లో పనిచేసింది కూడా ఎక్కువగా రైతులే. తంబా అనే కొండ ప్రాంతం వాళ్లు వరి కోతలు అయ్యాక చలికాలమంతా అక్కడికి వచ్చి సాకే చేసి, వసంతంలో మళ్లీ పొలానికి పోయేవారు. పొలంలో పనిలేని నెలల్లో అదే వాళ్ల జీవనాధారం.

సైజోలో స్టేషన్ దిగగానే ఎర్ర ఇటుకల పొగ గొట్టాలు కనపడతాయి. నడిచే దూరంలోనే అరడజనుకి పైగా బట్టీలు. ఇంకో సంగతి, మన రైసు మిల్లుల్లో కనపడే "సటాకే" మిషన్లు పుట్టింది ఈ ఊళ్లోనే. 1896లో సటాకే రీచి అనే ఆయన యంత్రంతో నడిచే బియ్యం మర ఇక్కడ తయారుచేశాడు.

అక్కడ గైడ్ ఒక పట్టిక చూపించింది. గింజలో ఎంత శాతం మిగిల్చారు అన్నది వాళ్ల లెక్క. రోజూ తినే తెల్ల బియ్యంలో సుమారు 90 శాతం మిగులుతుంది. "గింజో" అని రాయాలంటే 60 లేదా అంతకన్నా తక్కువ, "దైగింజో" అంటే 50 లేదా అంతకన్నా తక్కువ మిగలాలి. గింజ పైపొరల్లోని మాంసకృత్తులు, కొవ్వు ఎక్కువైతే సాకే రుచి మొరటుగా ఉంటుందని అలా అరగదీస్తారు. గింజ విరక్కుండా, వేడెక్కకుండా సగానికి తేవడానికి సుమారు రెండు రోజులు పడుతుంది.

నాకు కడుపు మండింది. పాలిష్ వద్దని ఊరూరా తిరిగి చెప్పేవాళ్లం మనం. సగం గింజ తీసేస్తున్నారేమిటని అడిగాను. పైతవుడు నూనెకి, దాణాకి, ఎరువుకి పోతుందని, లోపలి తెల్ల పిండితో బియ్యపు అప్పడాల లాంటివి చేస్తారని, సాకే పిండాక మిగిలే పిప్పిలో కూరగాయలు ఊరబెడతారని చెప్పింది. ఇప్పటికీ నాకు పూర్తిగా ఒప్పుదల కాలేదు. కానీ ఒకటి గమనించాను. ఎంత తీసేశారో వాళ్లు దాచిపెట్టలేదు. సీసా మీదే అంకె వేశారు.

ముందు రోజే గైడ్ ఇంకో మాట చెప్పింది, "రేపు పొద్దున నాటో తినకండి" అని. నాటో అంటే పులిసిన సోయా గింజలు. అందులో ఉండేది మనం తెగుళ్లకు పిచికారీ చేసే బాసిల్లస్ సబ్టిలిస్ జాతే. అది "కోజి" గదిలోకి చేరితే మొత్తం పాడవుతుంది. కోజి అంటే ఆవిరి మీద ఉడికిన బియ్యం మీద పెంచే బూజు. 30 డిగ్రీలు దాటిన వెచ్చటి గదిలో రెండు రోజులు పెంచుతారు. బూజు పిండిని చక్కెర చేస్తుంది, ఈస్టు ఆ చక్కెరని మద్యం చేస్తుంది, రెండూ ఒకే తొట్టిలో జరుగుతాయి. "కిమోతో" అనే పాత పద్ధతిలో తోడు వేయడానికే దాదాపు నెల పడుతుంది. లాక్టిక్ ఆమ్లం బయటి నుంచి కలపకుండా, గాలిలో, గదిలో ఉన్న బాక్టీరియానే పని చేయనిస్తారు. ఈ కోజి విద్యనే యునెస్కో 2024 డిసెంబరులో వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇది వింటుంటే మన జీవామృతం డ్రమ్మే గుర్తొచ్చింది. వాళ్లదీ మనదీ సూక్ష్మజీవుల పనే. తేడా ఏంటంటే, వాళ్లు దాన్ని మహిమ అని చెప్పరు. ఎన్ని రోజులు, ఎంత వేడి, ఎప్పుడు కలిపారు, అదే చెబుతారు.

చివర్లో రుచి చూడటం. అడుగున రెండు నీలం గీతల వలయాలున్న తెల్ల గిన్నెలు ఇచ్చారు. సాకే తేటగా ఉందా లేదా ఆ నీలం మీద తెలుస్తుంది. మూడు గిన్నెలు. బియ్యం ఒకటే, నీళ్లు ఒకటే. మిగిల్చిన శాతం మాత్రం 70, 60, 50. మధ్యమధ్య మంచినీళ్లు. మింగడం ఇష్టం లేకపోతే ఉమ్మేయడానికి వేరే గిన్నె. 50 గిన్నెలో కర్బూజ వాసన వచ్చింది. 70లో వేడి గంజి వాసన. "మీకేది నచ్చింది?" అని అడిగింది. మూడింట్లో చవకైన 70దే చూపించాను. అది వేడి వేడి కూరలతో బాగుంటుందని నవ్వింది. ఖరీదైనది కొనమని తోయలేదు. రెండు రోజుల్లో ఒక్కసారి కూడా "ఇది ఒంటికి మంచిది" అనలేదు.

నాకు అర్థమైంది ఇదీ. ఆ టూరుకి డబ్బు కట్టినవాళ్లం తాగడానికి కట్టలేదు. తాగడమే అయితే ఏ కొట్లోనైనా సీసా దొరుకుతుంది. చెప్పిన ప్రతి మాటనీ కళ్ల ముందు చూపిస్తారని కట్టాం. నీళ్లన్నారు, బావి చూపించారు. పాలిష్ అన్నారు, గింజలు అరచేతిలో పెట్టారు. చూపించలేని మాట అమ్మలేదు. మన ప్రకృతి వ్యవసాయదారుల్లో చాలామందిమి దీనికి తలకిందులుగా చేస్తున్నాం. చూపించగలిగిన పొలాన్ని చూపించం, చూపించలేని జబ్బు నయాన్ని ప్యాకెట్ మీద అచ్చేస్తాం.

అక్కడ అంతా బంగారమేమీ కాదు. సీసా మీద బట్టీ పేరు పెద్దగా ఉంటుంది, వరి పండించిన రైతు పేరు చాలావాటి మీద ఉండదు. అందుకే కనగావాలోని ఇజుమిబాషి లాంటివి నాకు నచ్చాయి, తమ వరి తామే పండించుకుని సాకే చేస్తారు. ఒమాచి అనే పాత రకం కథ కూడా మనకి పనికొస్తుంది. 1859లో దొరికిన ఒకయామా రకం. ఎత్తుగా పెరిగి పడిపోతుంది, అందుకే రైతులు వదిలేశారు, కనుమరుగయ్యే దాకా వచ్చింది. మళ్లీ నిలిపింది దాని రుచి కావాలన్న సాకే తయారీదార్లే. మా నెల్లూరు మొలగొలుకులకి కూడా పేరు పెట్టి అడిగేవాళ్లు కావాలి. వాళ్లకి రుచి చూపించాల్సింది మనమే.

"మన జనం ఇవన్నీ చదవరు, షుగర్ అంటేనే కొంటారు" అని ఒక మిత్రుడు అన్నాడు. నిజమే. పాత ప్యాకెట్లన్నీ తీసేశాక మూడు నెలలు నా నవారా అమ్మకం సగానికి పడింది. అయినా కొత్త ప్యాకెట్ మీద ఇప్పుడు ఉన్నవి ఇవే: రకం పేరు, పొలం ఉన్న ఊరు, కోసిన నెల, మర పట్టిన తేదీ, తవుడు ఎంత తీశాం, పొలంలో ఏమేం వాడాం. నెలకో ఆదివారం మా కళ్లం దగ్గర మూడు గిన్నెల అన్నం పెడుతున్నాం. ఒకే మొలగొలుకులు. ముడి బియ్యం ఒకటి, ఒక పట్టు పట్టినవి ఒకటి, తెల్లగా పట్టినవి ఒకటి. పక్కన ఉప్పు కూడా పెట్టం. పోయిన నెల తొమ్మిది మంది వచ్చారు. ఆరుగురు ఒక పట్టు బియ్యం కొన్నారు. మా నాయన మాత్రం తెల్లన్నమే బాగుందన్నాడు. అనుకోనీ, ఆయన నోరు ఆయనది.

టీచరమ్మ కోలుకున్నారు. వాళ్లింటికి పోయి తప్పు ఒప్పుకుని, కొత్త ప్యాకెట్ ఒకటి ఇచ్చి వచ్చాను. కళ్లజోడు పెట్టుకుని రెండు వైపులా చదివారు. "ఇందులో మందు మాట లేదే" అన్నారు. "లేదమ్మా, ఇది బియ్యమే" అన్నాను.

మీరు కూడా మీ ప్యాకెట్ ఒకసారి తిప్పి చదవండి. మీ పొలంలో, మీ మరలో, మీ పళ్లెంలో చూపించలేని మాట దాని మీద ఉంటే కొట్టేయండి.